ఎక్కే దారాలు, దిగే దారాలు

ఈ కథలో బుద్ధి తక్కువ పని చేసింది నేను. ఆ మాట మొదటే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చేటప్పుడు దీని గురించి ఎవరూ అడగరు, నేనూ ఎత్తను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు భ్రమరాంబ. మాది తెనాలి. నరాల మీద పని చేయడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది. నోరు కాస్త పెద్దది. తెలుగు రాయడంలో నన్ను మించినవాళ్ళు లేరని ఒక నమ్మకం కూడా ఉండేది. ఘట్‌కేసర్ దాటాక ఉన్న మా ప్రయోగశాలలో పేషెంట్లకిచ్చే కాగితాలన్నీ నేనే రాసేదాన్ని. ఇంకెవరైనా రాస్తే మందు సీసా మీద చీటీ చదివినట్టుందని వెక్కిరించేదాన్ని.

మేం కనిపెట్టిన నరాల వంతెన వేయించుకోవడానికి మొట్టమొదట ఒప్పుకున్న మనిషి గుండగాని వీరస్వామి. భువనగిరి అవతల ఇప్పలగూడెంలో గీత కార్మికుడు. నలభై రెండేళ్ళు. మాఘమాసంలో అకాల వర్షం పడ్డ మర్నాడు తాటిచెట్టు మీంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ వెన్ను విరిగింది. బొడ్డు కింది నుంచి ఏమీ కదలదు, ఏమీ తెలియదు. చక్రాల కుర్చీలో ఆయన్ని తోసుకుంటూ వచ్చింది ఆయన భార్య అండాలు. సన్నటి మనిషి. అయిదు నెలలుగా ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలోకి ఎత్తుతోంది. కూర్చుని లేచినప్పుడల్లా నడుం పట్టుకుని ఒక్క క్షణం ఆగేది.

"మేడం, పెద్ద పెద్ద మాటలొద్దు. నాకేమైందో నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి" అన్నాడు వీరస్వామి మొదటి రోజు.

నేను చిన్న రబ్బరు సుత్తి తీసుకుని ఆయన మోకాలి చిప్ప కింద తట్టాను. కాలు ఎగిరి పడింది.

"కదిలింది! అయ్యో, కాలు కదిలింది!" అని అండాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ మనిషి ముఖం చూశాక నిజం చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అయినా చెప్పాలి. "అది ఆయన కదిపింది కాదమ్మా. నేను తట్టిన కబురు నరం వెంట వెన్నుపాము దాకా వెళ్ళింది. వెన్నుపాము కింది భాగం అక్కడికక్కడే 'కాలు చాపు' అని చెప్పి పంపేసింది. మెదడుకు ఈ సంగతే తెలియదు."

వీరస్వామి కాసేపు తన కాలి వంక చూశాడు. "అంటే పైనున్నోడు బతికే ఉన్నడు. కిందున్నోడు బతికే ఉన్నడు. నడుమ తొవ్వ తెగింది. అంతేనా?"

అంతే. మా విద్యార్థులకు ఆరు నెలలు చెప్పే పాఠం ఆయన మూడు ముక్కల్లో తేల్చేశాడు. మెదడు నుంచి హుకుంలు కిందికి దిగుతాయి. ఒంటి నుంచి కబుర్లు పైకి ఎక్కుతాయి. రెండింటికీ ఉన్నది ఒకటే దారి, వెన్నుపాము. అది తెగినచోట కొత్త దారి వేయడమే మా పని.

ఆయన చర్మంలోంచి గోరంత ముక్క తీసి, పళ్ళెంలో పెంచి నరంగా మార్చాం. వెంట్రుకకన్నా సన్నటి దారాలు నాలుగు వందల ఎనభై. సగం దిగేవి, సగం ఎక్కేవి. విరిగినచోట వాటిని ఆ కొసకూ ఈ కొసకూ అతికించాం. కొత్తగా వేసిన దారం పచ్చిగా ఉంటుంది. నలభై రోజుల్లో దాని చుట్టూ ఒక కొవ్వు తొడుగు పేరుకుంటుంది. కరెంటు తీగకు రబ్బరు తొడుగులాగన్నమాట. పచ్చిగా ఉన్నన్నాళ్ళూ ఏ కబురు ఎక్కువ నడిస్తే దారం ఆ కబురుకే అలవాటు పడుతుంది. తొడుగు గట్టిపడ్డాక ఇక మారదు. మళ్ళీ కోసి వేద్దామంటే వెన్నుపాము రెండోసారి కత్తికి ఓర్చుకోదు.

కాబట్టి ఆ నలభై రోజులూ పేషెంటు ఏం తలచుకోవాలి అన్నది ప్రాణంతో సమానం. ఆ కాగితం నేను రాశాను. ఎంతో ఆలోచించి, రెండుసార్లు తిరగరాసి, చక్కటి వాక్యం రాశాను: "మీ కాళ్ళకు అన్నిటికన్నా బాగా అలవాటైన పనిని కళ్ళు మూసుకుని తలచుకోండి."

మనిషి కాళ్ళకు నడక కన్నా అలవాటైన పని ఏముంటుంది చెప్పండి? నాకు తోచలేదు. మా ప్రయోగశాలలో పదకొండు మందిమి. ఒక్కరికీ తోచలేదు.

* * *

మొదటి నెలంతా వీరస్వామి పడుకునే ఉన్నాడు. కుట్లు కదలకుండా రెండు కాళ్ళూ కలిపి పట్టీలతో మంచానికి బిగించాం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆయన కళ్ళు మూసుకుని తలచుకునేవాడు. చెమట పట్టేది. పక్కనే తెర మీద దిగే దారాల్లో హుకుంల పరుగులు కనిపించేవి. మేం ఊహించినదానికి మూడింతల బలంగా ఉన్నాయి.

తెర చూసుకునేవాడు జిలానీ. మల్లేపల్లి మనిషి, మా ఇంజనీరు, మా అందరిలోకీ ఓపికమంతుడు. పన్నెండో రోజు నన్ను పిలిచి, "మేడమ్, ఎడమ కుడి రెండూ ఒక్కసారే కొడుతున్నయ్. నడకంటే ఒకటి తర్వాత ఒకటి రావాలె గదా" అన్నాడు.

"మొదట్లో అంతేలే. పాకం కాస్త కాగాక తీగ వస్తుంది" అన్నాను. ఆ సరదా మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇరవై నాలుగో రోజు పొద్దున వార్డులోంచి కేక వినిపించింది. పరుగెత్తుకు వెళ్ళేసరికి వీరస్వామి నవ్వుతూ, ఏడుస్తూ, కాలి వైపు చూపిస్తున్నాడు. "చీమ కుట్టింది మేడం! కాలి మీద చీమ కుట్టింది!"

అంతకు ముందు రోజు ఎవరిదో పుట్టినరోజని లడ్డూలు పంచారు. వార్డంతా చీమలే. వేరే రోజైతే ఊడ్చేవాళ్ళను ఏకిపారేసేదాన్ని. ఆ రోజు ఆ చీమకు దణ్ణం పెట్టాలనిపించింది. ఎక్కే దారాలు పని చేస్తున్నాయి. ఏడు నెలల తర్వాత ఆ మనిషి కాలు ఆయన మెదడుకు కబురు పంపింది.

అండాలు ఆయన పాదం పక్కన కూర్చుని ఎడమ మడమ మీద వేలు పెట్టింది. అక్కడ రూపాయంత నల్లటి మచ్చ ఉంది. దెబ్బ తగిలిన కొత్తలో పాదాలు చల్లగా ఉన్నాయని ఆవిడ ఇటుక కాచి, గుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టిందట. కాలుతున్నా ఆయనకు తెలియలేదు. నాలుగు రోజుల తర్వాత కాళ్ళు కడుగుతుంటే పుండు కనబడి తెలిసింది. "ఈడ తెలుస్తుందా?" అని అడిగింది.

"తెలుస్తుంది. నీ ఏలు సల్లగున్నది" అన్నాడు. ఆవిడ ముఖం పైట కొంగులో దాచుకుంది.

ముప్పయ్యో రోజు పట్టీలు విప్పి నిలబెట్టాం. అటూ ఇటూ పట్టుకోవడానికి రెండు ఇనుప కమ్ములు. వీరస్వామి చేతుల మీద బరువు వేసి నిలబడ్డాడు. "నడవండి" అన్నాను.

రెండు మోకాళ్ళూ ఒక్కసారిగా ముడుచుకున్నాయి. రెండు పాదాలూ ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు దగ్గరకొచ్చి, ఒక్క ఊపున కిందికి తన్నాయి. మనిషి ఎగిరి కమ్ముల మధ్య వేలాడాడు. మళ్ళీ ప్రయత్నించాం. మళ్ళీ అదే. అయిదోసారి చేతులు జారితే జిలానీ ఒడిసి పట్టుకున్నాడు. వంతెన పాడైందనుకున్నాను. పన్నెండేళ్ళ పని పోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నేను వీరస్వామి గురించి ఆలోచించలేదు, నా గురించే ఆలోచించాను.

అద్దం అవతల నిలబడి చూస్తున్న అండాలు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. "మేడం, ఆయన నడుస్తలేడు."

"అది మేమూ చూస్తున్నామమ్మా."

"అది కాదు మేడం. చెట్టెక్కుతుండు."

* * *

మర్నాడు ఆవిడ ఊరికి వెళ్ళి మోకు తెచ్చింది. చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు అది. దానితోపాటు గుజి, రెండు పాదాలకూ కలిపి తగిలించుకునే చిన్న బంధం. "మల్ల కండ్ల జూడొద్దని అటుక మీద పారేసిన" అంది, వాటిని నా చేతికివ్వకుండా నేల మీద పెడుతూ.

ప్రయోగశాల పెరట్లో ఉన్న ఇనుప స్తంభానికి కొబ్బరి తాడు చుట్టించాం. ఆయన ఒంటికి పై నుంచి భద్రతగా బెల్టు తగిలించాం. ఇద్దరం పట్టుకుని స్తంభానికి ఆనించాం. వీరస్వామి మోకు చుట్టుకున్నాడు, గుజిలో పాదాలు పెట్టాడు. ఒక్కసారి స్తంభాన్ని అరచేత్తో తట్టాడు.

తర్వాత ఎక్కాడు. మోకు పైకి జరపడం, వెనక్కి వాలడం, రెండు కాళ్ళూ కలిపి ముడవడం, తన్నడం. అయిదు ఊపుల్లో మా తలల మీదికి వెళ్ళిపోయాడు. అంత పనితనం నేను ఎన్నడూ చూడలేదు. పదిహేనో ఏట నుంచి రోజుకు రెండు పూటలా ముప్పై చెట్లు. ఆ కాళ్ళకు బాగా అలవాటైన పని అదే మరి. నేను రాసిన వాక్యాన్ని ఆయన అక్షరం తప్పకుండా పాటించాడు. మాలో ఒక్కరమైనా అంతకు ముందు గౌడన్న చెట్టెక్కడం దగ్గరి నుంచి చూసి ఉంటే, పన్నెండో రోజున జిలానీ తెర మీద చూసిందేమిటో అప్పుడే తెలిసిపోయేది.

పై నుంచి నవ్వుతూ చూశాడు. "మేడం! నేల మీద నాలుగడుగులు ఎయ్యరాదు గని చెట్టెక్కొస్తది. చెట్టు కాడిదాంక నన్నెవరు మోస్తరు?"

"నేను మొయ్య" అంది అండాలు, తల పైకెత్తకుండా.

అందరూ నవ్వారు. దింపి కుర్చీలో కూర్చోబెట్టాక ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రమంతా జిలానీ, నేను దారులు వెతికాం. అంత బలంగా పరుగులు నడవడంతో దిగే దారాలన్నిటికీ తొడుగు ముందే గట్టిపడింది. అవి చెట్టెక్కడానికే పుట్టినట్టు తయారయ్యాయి. ఎక్కే దారాలు మాత్రం ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మరో తొమ్మిది రోజులు అలాగే ఉంటాయి. కత్తి అక్కర్లేకుండా, బయటి నుంచి సన్నటి కరెంటుతోనే వాటిని కిందికి తిప్పి, నడక నేర్పించవచ్చు. కానీ అలా తిప్పిన ప్రతి దారంతోనూ ఆయన పాదం నుంచి కొంత తెలివిడి పోతుంది. సగం ఉంచి సగం తిప్పితే నడకా రాదు, స్పర్శా మిగలదు. జిలానీ నాలుగు రకాలుగా లెక్క కట్టాడు. నాలుగుసార్లూ అదే తేలింది.

పొద్దున్నే వెళ్ళి ఇద్దరి ముందూ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏమీ దాచలేదు. "ఇలాగే ఉంచితే కాళ్ళకు స్పర్శ ఉంటుంది, నడక ఉండదు. మారిస్తే నడుస్తారు. కానీ నడుం కింద చీమ కుట్టినా, నిప్పు తగిలినా ఇక ఎప్పటికీ తెలియదు. ఈ పొరపాటు మీది కాదు. ఆ కాగితం రాసింది నేను. మొదట్లో జిలానీ చెప్పినా వినిపించుకోనిది నేను."

ఆయన తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. తిట్టలేదు. "తప్పు మీదెట్లయితది మేడం? అలవాటైన పని అన్నరు. నాకు అదొక్కటే అలవాటు. మీరు పిలువకపోతే ఆ చీమ కూడ కుట్టకపోవు గదా" అన్నాడు. అంత మంచితనం మీద నాకు కోపం కూడా వచ్చింది.

అండాలు గట్టిగా మాట్లాడింది. "నడువకుంటె మానె. కాలు కాలితే తెల్వాలె. తేలొచ్చినా పామొచ్చినా తెల్వాలె. ఇన్నొద్దులు మోసిన, ఇంక మోస్త. నీ కాళ్ళు నీకు తెల్వకుండ మల్ల చేసుడు నాతోని కాదు." ఆవిడ కళ్ళు ఆ మడమ మచ్చ మీదే ఉన్నాయి.

వీరస్వామి నాతో కాదు, ఆవిడతో అన్నాడు. "నా కాలు నొప్పి నాకు తెల్వకపోతే ఏమాయె అండాలు. నీ నడుం నొప్పి నాకు తెలుస్తనే ఉన్నది, ఏడు నెలల సంది. ఎత్తినప్పుడల్ల తెలుస్తది. దానికి ఏ దారం ఏసిన్రో ఈ మేడంనడుగు."

నేను లేచి వరండాలోకి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని వచ్చేసరికి నడకే కావాలని నిర్ణయం అయిపోయింది.

* * *

రోజుకు ముప్పై దారాలు, ఎనిమిది రోజులు. ఏ భాగం ముందు, ఏది ఆఖరున అన్నది మేం ఎంచుకోవచ్చు. జిలానీ ఆయన్నే అడిగాడు. ఆయన భార్య వైపు చూశాడు.

"మడమ ముందు తీసెయ్యుండ్రి. ఆ కాలిన జాగ" అంది అండాలు. "అరికాలు ఆఖరుకు పెట్టుండ్రి."

స్పర్శ తీసేయడం తేలికగానే జరిగింది. నడక నేర్పడమే కుదరలేదు. వీరస్వామి కళ్ళు మూసుకుని 'నడుస్తున్నా, నడుస్తున్నా' అనుకుంటాడు. తెర మీద రెండు కాళ్ళూ కలిసి తన్నుతాయి. నడక గురించి పట్టుబట్టి ఆలోచించినకొద్దీ చెట్టే ఎక్కుతున్నాడు. రెండు రోజులు అలా పోయాయి.

ఈసారి వాక్యాలు రాయాలన్న ఆశ నాకు లేదు. అండాలును పక్కకు పిలిచి అడిగాను. "అమ్మా, ఈయన కాళ్ళ ధ్యాసే లేకుండా ఎప్పుడు నడుస్తాడు?"

ఆవిడ ఆలోచించింది. "నాతోని లొల్లి అయినప్పుడు. ఒక్క మాటనకుండ ఇంట్లకెల్లి ఎల్లి, బస్టాండు దాంక పోయి, చాయ తాగి వస్తడు."

"ఎంత దూరం ఉంటుంది?"

"బస్టాండు దగ్గర్నే. నేనన్న మాటను బట్టి ఒక్కోసారి దాటి పోతడు."

జిలానీ లేచి నిలబడ్డాడు. "అయితే తిట్టుండ్రి అక్కా."

ఆవిడ మొదట సిగ్గుపడింది. మా అందరి ముందూ మొగుణ్ణి ఏం తిడుతుంది? నేను తలుపు వేసి, అటు తిరిగి కూర్చున్నాను. ముందు మెల్లగా మొదలైంది. బీపీ గోళీలు వేసుకోమంటే దిండు కింద దాచిన సంగతి. ఆడపడుచు ఇంటి ఫంక్షన్‌కు పాత అంగీ తొడుక్కొచ్చిన సంగతి. మేకను కొనుక్కొస్తానని పోయి రేడియో కొనుక్కొచ్చిన సంగతి. వీరస్వామి ముఖం ముడుచుకుంది. నోరు మెదపలేదు.

"మేడమ్" అన్నాడు జిలానీ నెమ్మదిగా. "ఎడమ. కుడి. ఎడమ."

ఆ మనిషి మనసులో ఇల్లు వదిలి బస్టాండుకు బయలుదేరాడు.

అప్పటి నుంచి మా ప్రయోగశాలలో రోజూ పొద్దున రెండు గంటలు కాపురం లొల్లి. నర్సులు తలుపు దగ్గర చేరేవాళ్ళు. నేను తరిమేదాన్ని, తర్వాత నేనే చెవి ఒగ్గేదాన్ని. అయితే తిట్లు కూడా తరుగుతాయి. అయిదో రోజుకు అండాలు దగ్గర సరుకు అయిపోయింది. మేక సంగతి మూడోసారి ఎత్తితే వీరస్వామికి నవ్వు వచ్చింది. నవ్వగానే తెర మీద నడక చెదిరిపోయేది. ఇటు అరికాలు తప్ప స్పర్శ అంతా పోయింది. ఇంకో మూడు రోజులే గడువు.

ఆరో రోజు ఆవిడ వచ్చి ఆయన మంచం పక్కన కూర్చుంది.

"ఆ దినం వద్దంటిని" అంది ఉన్నట్టుండి. "రాత్రంత వాన కొట్టింది, చెట్టు తడిసి ఉన్నది, ఒక్క పూటకు ఏంగాదంటిని. కాళ్ళు మొక్కుత అంటిని. ఇన్నవా? కల్లు పులుస్తదని పోతివి. నేను కూర పొయ్యి మీద పెట్టి ఉన్న. నిన్ను తలుపు చెక్క మీద ఏస్కొచ్చిన్రు. ఏడు నెలలు ఒక్క మాటనలే. పడ్డోన్ని ఏమందు? ఎట్లందు? నా బతుకు గూడ ఆ చెట్టు మీదికెల్లే పడ్డది గదయ్యా!"

వీరస్వామి కళ్ళు మూసుకునే ఉన్నాడు. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తెర మీద ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఇంతకు ముందెన్నడూ లేనంత బలంగా సాగిపోతోంది. ఆ రోజు ఆయన బస్టాండు దాటి చాలా దూరం వెళ్ళి ఉంటాడు. జిలానీ వేలితో నాకు చూపించాడు.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. "ఇనలే. తప్పయింది" అన్నాడు.

ఆవిడ కొంగుతో ఆయన చెవులు తుడిచింది. ఎనిమిదో రోజు అరికాలు దారాలు తిప్పే ముందు, చెయ్యి అక్కడ పెట్టి అలాగే కూర్చుంది. "ఇంక ఉన్నదా?" అని అడుగుతూ ఉంది. ఆయన "ఉన్నది" అంటూ ఉన్నాడు. ఒకసారి అడిగితే జవాబు రాలేదు. అప్పుడు చెయ్యి తీసేసింది.

నలభై రెండో రోజున వీరస్వామి పదకొండు అడుగులు వేశాడు. పాదం ఎక్కడ పడుతోందో తెలియదు కాబట్టి కిందికి చూసుకుంటూ, నీళ్ళున్న గచ్చు మీద నడిచినట్టు నడిచాడు. స్నానాల గది తలుపు దాకా వెళ్ళి, లోపలికి పోయి, తలుపు వేసుకున్నాడు. బయట నిలబడ్డ అండాలు నడుం మీద చెయ్యి వేసుకోవడం కూడా మర్చిపోయి, ఆ మూసిన తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

* * *

ఇది జరిగి మూడేళ్ళు. ఇప్పుడు మా కాగితంలో నా వాక్యం లేదు. చిన్నపిల్లల్లా దోగాడడం తలచుకోవడంతో మొదలుపెడతాం. మొదటి రోజు నుంచి ఇంటి మనిషిని తెర పక్కన కూర్చోబెడతాం. ఈయన ఏం పని చేస్తాడు, ఎలా చేస్తాడు, అది చేసి చూపించండి అని అడిగి, నేర్చుకున్నాకే దారం అతికిస్తాం. ముప్పై ఏడు మందికి వంతెనలు వేశాం. ముప్పై ఏడు మందికీ నడకా వచ్చింది, స్పర్శా మిగిలింది. ఒక్కరికీ రెంటిలో ఒకటి ఎంచుకోవలసిన పని పడలేదు.

వీరస్వామి కర్ర పట్టుకుని నడుస్తాడు. పొద్దున్నే తాటివనం దాకా వెళ్ళి, చెట్ల మొదళ్ళు తట్టి చూసి, తడిగా ఉంటే ఎవ్వర్నీ ఎక్కనివ్వడని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. సాయంత్రం అండాలు ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని ముల్లు గానీ బొబ్బ గానీ ఉందేమోనని వెలుతురులో వెతుకుతుందట.

పోయిన నెల మోత్కూరు వైపు నుంచి బాలమల్లు అనే ఆయనకు వంతెన వేశాం. ఆయనా గీత కార్మికుడే, ఆయనా చెట్టు మీంచి పడ్డవాడే. నిలబెట్టే రోజున వీరస్వామినీ అండాలునూ రమ్మని కబురు చేశాను. వచ్చి గోడ వారగా నిలబడ్డారు. బాలమల్లు కమ్ములు పట్టుకుని లేచాడు. ఎడమ కాలు వేశాడు, కుడి కాలు వేశాడు. గది చివరి దాకా వెళ్ళి, తిరిగి, మా వైపు వచ్చాడు. కిందికి ఒక్కసారి కూడా చూడలేదు.

వీరస్వామి ముందుకు వచ్చాడు. "తమ్మీ, నేలెట్లున్నది?"

"సల్లగున్నదన్నా" అన్నాడు బాలమల్లు. ఆ మాట ఎంత ఖరీదైందో ఆయనకు తెలియదు. తెలియనక్కర కూడా లేదు.

"సల్లగున్నదంట" అని వీరస్వామి అండాలుతో చెప్పాడు. ముఖమంతా సంతోషం. వంగి, మెల్లగా తన చెప్పులు విప్పి, వట్టి పాదాలతో ఆ గచ్చు మీద నిలబడ్డాడు. చెప్పులు లేకుండా నిలబడకూడదని ఆయనకు మేమే గట్టిగా చెప్పాం. అండాలు కోప్పడలేదు.

నా చెప్పులు కూడా విప్పి ఆయన పక్కన నిలబడ్డాను. యాభై మూడేళ్ళుగా ఈ పాదాలతో నడుస్తున్నాను. ఇరవై ఆరేళ్ళుగా వీటిలోని నరాల గురించి ఉపన్యాసాలిస్తున్నాను. ఒక్కసారైనా ఇలా నిలబడి నేలను తెలుసుకోలేదు. కృతజ్ఞత అంటే ఏమిటో నాకు అక్కడ, అరికాళ్ళలోంచి తెలిసింది.

"మీకెట్లున్నది మేడం?" అని అడిగాడు వీరస్వామి.

"చల్లగా ఉంది వీరస్వామిగారూ" అన్నాను. "చాలా బాగుంది."

"ఉండాలె మరి" అన్నాడు, ఆ నేల తానే పరిచినంత తృప్తిగా.